చెవిలో చెప్పిన జబ్బు

“గుండె జబ్బు. రాసుకో అమ్మా,” అని గుసగుసగా అన్నాడు ఏడో నంబరు మంచం మీది తాత, ఎదుట నిలబడ్డ అమ్మాయి మెళ్లోంచి స్టెతస్కోపు ఇంకా తీయకముందే.

డాక్టరు చదువు ఆఖరి పరీక్షకి వచ్చిన ఆ అమ్మాయి ఉలిక్కిపడి తెర వైపు చూసింది. తెరకి అవతల ఎగ్జామినర్ ఇంకెవరినో ప్రశ్నలతో చంపుకు తింటున్నాడు. ఆమెకున్నది అరగంట. ఈలోగా తాతని అడగాల్సినవి అడిగి, చూడాల్సినవి చూసి, జబ్బేమిటో కాగితం మీద పెట్టాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా తప్పితే వచ్చే ఏడాది సొంత తమ్ముడి పక్కన కూర్చుని ఇదే పరీక్ష రాయాలి. “పర్లేదక్కా, ఇద్దరికీ ఒకే పుస్తకాలు సరిపోతాయి” అని ఆ తమ్ముడు పొద్దున్నే దీవించి పంపాడు.

తాత అల్లాటప్పా పేషెంటు కాదు. పన్నెండేళ్లుగా ప్రతి పరీక్షకీ ఆస్పత్రివాళ్లు ఆయనకి కబురు పెట్టి పిలిపిస్తున్నారు. ఆయాసం, కాళ్ల వాపు, నీరసం, ఇలా పిల్లలు చూసి నేర్చుకోవాల్సినవి ఆయన ఒంట్లో బోలెడున్నాయి. ఆయన కూడా ఆ పనిని ఉద్యోగంలాగే చూసుకునేవాడు. ఏ బాధ ఎప్పుడు మొదలైందో, మెట్లెక్కితే ఎంత పెరుగుతుందో పుస్తకంలో ఉన్న వరసలోనే అప్పజెప్పేవాడు. ఎవరైనా స్టెతస్కోపు తప్పు చోట ఆనిస్తే చెయ్యి పట్టుకుని సరైన చోటికి జరిపేవాడు. తన మంచం దగ్గర ఇంతవరకూ ఒక్కళ్లు కూడా తప్పలేదని ఆమెతో గర్వంగా చెప్పుకున్నాడు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కాగితం మీద ‘గుండె జబ్బు’ అని రాసేసింది కూడా. ఇక మిగిలిన టైములో ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి కాబట్టి నాడి పట్టుకుంది. నిమిషానికి యాభై రెండు. లెక్క తప్పిందేమోనని మళ్లీ పట్టుకుంది. ఈసారి యాభై ఒకటి. గుండె నీరసపడి కాళ్లు వాచిన మనిషికి నాడి గబగబా కొట్టుకోవాలి కదా. ఈయనది మాత్రం పనీపాటా లేనట్టు తాపీగా నడుస్తోంది. పైగా తను చెమటలు కక్కుతుంటే, ఆయన స్వెటరు వేసుకుని దానిమీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

“తాతగారూ, మీకు చలేస్తోందా?”

ఎప్పుడూ వేస్తూనే ఉంటుందన్నాడు తాత. గొంతు ఎప్పటినుంచి ఇలా బొంగురుపోయిందని అడిగింది. నాలుగైదేళ్లయిందనీ, ఫోన్లో మాట్లాడితే కోడలు కూడా గుర్తుపట్టడం లేదనీ చెప్పాడు. మతిమరుపు ఉందా, విరేచనం సాఫీగా అవుతోందా, ఒళ్లు పొడిబారుతోందా అని ఆమె ఒకదాని వెనక ఒకటి అడుగుతూ పోయేసరికి ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

“ఇవన్నీ నన్నింతవరకూ ఎవరూ అడగలేదమ్మా. అడగాల్సినవి అడుగు, చెప్తాను.”

ఆమె రబ్బరు సుత్తి తీసి మడమకి కాస్త పైన, వెనకవైపు తట్టింది. పాదం చటుక్కున కదిలింది. కానీ మళ్లీ తన చోటికి రావడానికి మాత్రం చాలాసేపు తీసుకుంది. ఆమెకి ఒక్కసారిగా సంతోషమూ భయమూ కలిసి ముంచుకొచ్చాయి. ఇది గుండె కాదు, థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోవడం; అది మందగిస్తే నాడీ, పాదమూ అన్నీ ఇలాగే నెమ్మదిస్తాయి. వీధికి నలుగురికి ఉండే జబ్బు.

ఆమె ‘గుండె జబ్బు’ని అడ్డంగా కొట్టేస్తుంటే తాత తలెత్తి చూసి మొహం మాడ్చుకున్నాడు.

“పన్నెండేళ్లుగా మోస్తున్నాను, నా గుండె సంగతి నాకు తెలీదా? పెద్దవాణ్ణి చెప్తున్నాను, విను. నా మంచం పరువు తీయకు.”

“మీరు చెప్పింది రాస్తే మీరు పాసవుతారు తాతగారూ, నేను కాదు,” అంది ఆమె. అనైతే అంది గానీ, కొత్త పేరు రాసేముందు ఇంకోసారి నాడి పట్టి లెక్కపెట్టుకుంది.

తెర తొలగించుకుని ఎగ్జామినర్ వచ్చాడు. వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద గుండె డాక్టరు ఆయన. పేరు వింటేనే పిల్లలకి జ్వరం వచ్చేది. కాగితం చూసి కనుబొమలు పైకెత్తాడు.

“థైరాయిడా? నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. నేనే చూశాను.”

నాడి దగ్గర మొదలుపెట్టి మడమ దాకా తను చూసినవన్నీ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె గొంతులో బెదురు తగ్గింది. ఆయన తనే తాత నాడి పట్టుకుని గడియారం చూసుకున్నాడు. ముంజేతి మీద చర్మం రుద్ది చూశాడు. సుత్తి అడిగి తీసుకుని ఒకసారి తట్టాడు, మళ్లీ తట్టాడు, మూడోసారి వంగి కళ్లజోడు సర్దుకుని మరీ తట్టాడు. మూడుసార్లూ పాదం తీరిగ్గానే వెనక్కి వచ్చింది. తాత మాత్రం తనకేమీ పట్టనట్టు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

తాతకి థైరాయిడ్ కోసం రక్తపరీక్ష చేయించమని ఎగ్జామినర్ నర్సుకి చెప్పి పంపాడు. తర్వాత కాగితం మీద మార్కులు వేసి, ఇక వెళ్లవచ్చని ఆమెకి తల ఊపాడు. అంకెలు ఆమెకి తలకిందులుగా కనిపించినా, పాసయిందని తెలిసిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. తెర దాటి ఇవతలికి వచ్చి, కళ్లు తుడుచుకోవడానికి అక్కడే గోడ పక్కన ఆగింది.

తెర లోపల మంచం కిర్రుమంది. ఎగ్జామినర్ తాత పక్కన కూర్చున్నట్టున్నాడు. అంత పెద్ద డాక్టరు గొంతు బాగా తగ్గించి అడుగుతున్నాడు.

“మరి నా పరీక్షప్పుడు గుండె జబ్బని రాసుకోమన్నావేంటి తాతా?”