మూడు చుక్కల బెండు

చేపల వేట సెలవు ముగిసి పడవలు నీళ్లలోకి దిగే రోజు కదా, సర్వే పీత తెల్లారకముందే మా రేవుకొచ్చింది. పీతంటే మరబొమ్మేలెండి, కుక్కపిల్లంత ఉంటుంది. ఇసుకలో దొరికిన ప్రతి ప్లాస్టిక్ ముక్కా ఎవరిదో కనిపెడుతుంది. ముక్క ఎవరిదైతే వాళ్ల పడవ ఆ రోజుకి ఒడ్డునే. ఎవరిదో తేలకపోతే "సముద్రానిది" అని రాసుకుని పోతుంది.

అప్పటికే రెండు పడవలు ఆపింది. తర్వాత ఒక నీలం రబ్బరు ముక్క దగ్గర తచ్చాడి, "చెప్పు. జత లేదు. మనిషి తెలియదు," అంది.

"సెప్పు కాదే, వలకి కట్టిన బెండు," అన్నాను.

వల తేలడానికి పాత చెప్పుల్ని కోసి బెండ్లు చేసేవాళ్లం. ఎవరింటి గుర్తు వాళ్లు వాటి మీద కాల్చి వేసేవాళ్లం. తిప్పి చూస్తే మూడు చుక్కలు! నలభై ఏళ్ల కిందట తుఫానులో పోయిన మా ఆయన వలదే.

కోడలు బంగారమ్మ నా చెయ్యి గిల్లింది. "ఊరుకో అత్తా! సూపు ఆనట్లేదని సెప్పు."

పక్కన నా కొడుకు ఎర్రయ్య పడవ మీద చెయ్యేసి నిలబడ్డాడు. రెండు నెలలుగా ఈ రోజు కోసమే కాచుకున్నాడు.

"మీ మావ సేతిపనిని సముద్రానిదని ఎలాగంటానే? మాదే, రాసుకో," అన్నాను పీతతో.

మిగతా పడవలు వెళ్లిపోయాయి. ఎర్రయ్య ముఖం మాడ్చుకుని ఇసుకలో కూలబడ్డాడు. పీత బెండుకి అంటిన గుల్లల్ని తడిమింది.

"ఇవి అండమాన్ గుల్లలు. వీటి కింద బర్మావి ఉన్నాయి."

ఎర్రయ్య తలెత్తాడు. "అయ్య బెండు అంత దూరం ఎల్లొచ్చిందా?" అని పీత దగ్గరికి జరిగాడు. "ఆటి కింద ఇంకేటున్నాయో సూడు!"