రెండు ఎడమ చేతులు

"రెండూ ఎడమ చేతులే డాక్టరమ్మా! ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు!"

కత్తెర మాస్టారు కుర్చీ అంచుకు జరిగి మరీ చెప్పాడు. టైలరింగ్ షాపు ఆయనది. కత్తిరించేది ఆయన, కుట్టేది ఆయన భార్య. ఆవిడ పక్క కుర్చీలో తల వంచుకుని కూర్చుంది.

"నేను కుడీ ఎడమా చక్కగా కత్తిరించి ఈవిడ చేతిలో పెట్టాను. తీరా చూస్తే రెండూ ఎడమవే. కుడిది ఏ చెత్తబుట్ట పాలు చేసిందో!"

"మరి రెండో ఎడమది ఎక్కణ్ణించి వచ్చింది?" అంది డాక్టరు.

మాస్టారు భార్యకేసి చూశాడు. భార్యే అందుకుంది.

"నేనే కత్తిరించి ఉంటానండీ. గుర్తులేదు."

"విన్నారా? ఏదడిగినా ఇదే పాట. మొన్న ఇస్త్రీపెట్టె ఆపకుండా ఇంటికొచ్చేసింది. బల్ల మాడి బొగ్గయింది. ఇంకాసేపైతే షాపే తగలబడేది."

"ఆపమని మీరు చెప్పారు. నేనే మర్చిపోయాను," అందావిడ.

"చెప్పానా? ఆ... చెప్పాను. చెప్పే ఉంటాను."

నిజానికి మాస్టారికి ఆసుపత్రి వాసనే గిట్టదు. జ్వరమొస్తే ముసుగుతన్ని పడుకుంటాడు తప్ప డాక్టరు గడప తొక్కే రకం కాదు. భార్య కోసం తొక్కాడు. అందులోనూ ఆవిడ ఒక మెలిక పెట్టింది. "నాకు చేసే పరీక్షలన్నీ మీకూ చేస్తేనే వస్తాను. ఒక్కదాన్నే వెర్రిదానిలా కూర్చోలేను." చిన్నపిల్లల పేచీ అని విసుక్కున్నాడు గానీ, చివరికి సరేనన్నాడు.

ఒప్పుకోక ఏం చేస్తాడు? ఎదురింటి పెద్దాయన మతిమరుపు ముదిరి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మాస్టారికి కంటిమీద కునుకు లేదు. తన భార్య కూడా ఏదో ఒక రోజు పొద్దున్నే లేచి తనను అలాగే అడిగితే? కలిసి నెట్టుకొచ్చిన ఇన్నేళ్ల కాపురం ఆవిడ తలలోంచి చెరిగిపోతే, ఆయనకు మిగిలేదేమిటి? మాస్టారి దబాయింపు వెనకాల ఉన్నదంతా ఆ భయమే.

డాక్టరు మూడు మాటలు చెప్పింది. "తాళం, అరటిపండు, నిచ్చెన. ఇద్దరూ గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను."

ఈలోగా ఆవిణ్ణి ఇది ఏ నెల అని అడిగింది. ఆవిడ పైకప్పుకేసి చూసి, ఎప్పుడో వెళ్లిపోయిన నెల పేరు చెప్పింది. మాస్టారు అందించబోతే డాక్టరు వేలు చూపించి ఆపింది. గడియారం బొమ్మ గీయమంటే ఆవిడ అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేసింది. మూడు మాటల్లో ఒక్కటీ చెప్పలేకపోయింది.

"మీ వంతు మాస్టారూ. ఆ మాటలేమిటి?"

"తాళం... తాళం... ఇంకోటి నాలిక చివర ఉందండీ. ఈవిణ్ణి ఇలా చూశాక నా బుర్ర నా దగ్గరుంటుందా?"

"అవును, ఆ కంగారు ఎవరికైనా ఉంటుంది," అని డాక్టరు మెత్తగా నవ్వింది. తర్వాత ఇద్దరికీ రక్తం తీయించింది, ఇద్దరికీ తలకు స్కాన్ తీయించింది.

వీధిలోకి వచ్చాక మాస్టారు భార్య చేతులకేసి చూశాడు.

"గొడుగేదీ? లోపలే వదిలేశావా?"

"అవునండీ. ఇప్పుడే తెస్తాను."

లోపలికెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. ఎందుకెళ్లిందో కూడా మర్చిపోయినట్టుందని ఆయన గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

రిపోర్టులు వచ్చిన రోజు మాస్టారు షాపు తెరవలేదు. డాక్టరు ముందు కూర్చున్నాక కూడా భార్య చెయ్యి వదల్లేదు.

"భయపడాల్సిన పని లేదు," అంది డాక్టరు. "మీరనుకుంటున్న జబ్బు కాదిది. మెదడు అరిగిపోలేదు. రక్తంలో బి12 అనే విటమిన్ అడుగంటింది. అందుకే కొత్త సంగతులు తలలో నిలవడం లేదు. పాతవి దాచే చోటు బాగానే ఉంది. ఇన్నేళ్లుగా చేతికి అలవాటైన పని కూడా ఎక్కడికీ పోదు. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. సకాలంలో వచ్చారు. మెల్లమెల్లగా సర్దుకుంటుంది."

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలాడు. ఇన్నాళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆవిడ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిచ్చిదానా! నయమవుతుందని చెబుతుంటే ఏడుస్తావేం?"

"సంతోషమండీ. గండం గడిచింది," అందావిడ, ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని.

"గడవక? నేనున్నాగా. మందులు నేను గుర్తుచేస్తాను. ఇకమీదట ఇస్త్రీపెట్టె కూడా నేనే చూసుకుంటాను. నిన్ను ఒక్క మాటంటే ఒట్టు."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

అంతలో నర్సు ఇంజెక్షన్ పట్టుకుని వచ్చింది. మాస్టారు హుషారుగా లేచి భార్య పక్కన నిలబడి ఆవిడ భుజం తట్టాడు.

"కళ్లు మూసుకో. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"ఆవిడకు కాదండీ, మీకు," అంది నర్సు.