పిలిచిన పెట్టే పలకాలె

మోత్కూరు దగ్గరి కోళ్లఫారంలో పొద్దుటి నుంచి త్రివేణికి చుక్కలు కనిపిస్తున్నాయి.

ఆరు షెడ్లలో వేడి ఎంతుందో చెప్పే ఆరు పెట్టెలు బిగించింది. ఆఫీసు గదిలోని కంప్యూటరుకు ఒక్కటీ సరిగ్గా చెప్పడం లేదు.

సాయంత్రానికి పది వేల కోడిపిల్లలు దిగుతాయి. ఏ షెడ్డు చల్లబడిందో తెలియకపోతే తెల్లారేసరికి చచ్చి పడుంటాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా షెడ్లన్నిటినీ కలిపే పాత తీగదే అన్నది.

"కొత్త కేబుల్ వేద్దాం సార్."

"నేల తవ్వాలంటే మూడు రోజులు. పిల్లలు ఆగుతయా మేడమ్?" అని యజమాని దశరథ్ లారీకి ఎదురెళ్లాడు.

కోడి ఎరువు కోసం ట్రాక్టరుతో వచ్చిన ముసలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గా పెట్టెలన్నీ ఒక్కసారే మాట్లాడుతున్నయా బిడ్డా?"

"అవును. జర పక్కకు జరుగు తాతా, ఇది ఎరువు నింపినంత అలకగ కాదు."

ఆయన జరగలేదు.

"ఒక్క తీగ మీద ఆరుగురు ఒర్రితే ఎవని మాట ఇనపడ్తది? నంబరు పెట్టి పిలువు. పిలిచినోడే పలకాలె, కడమోళ్లు ఊకుండాలె."

"గట్లయితే ఆలస్యమైతది."

"నిమిషానికోపారి తెలిస్తే సాలదా? గంత ఉరుకులాట దేనికి?"

త్రివేణికి రోషమొచ్చింది. కానీ ఆ మాటలో తప్పు దొరకలేదు. తను తెచ్చిన వేగమైన పద్ధతి పక్కన పడేసి, ఆయన చెప్పినట్టే కంప్యూటరులో ప్రోగ్రాం మార్చి రాసింది.

ఒకటి పలికింది. రెండు, మూడు పలికాయి. నాలుగు పలకలేదు.

"నాలుగో షెడ్డు ఎనుక తీగకు అతుకుంటది. ఎలుకలు కొరుకుతయి, సూడు."

పోయి చూస్తే నిజమే. అతుకు బిగించగానే ఆరూ వరుసగా పలికాయి.

అమ్మయ్య అనుకుంది. ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం కోడిపిల్లలు చలికి ఒక మూలకు మూగకుండా షెడ్డంతా హాయిగా తిరిగాయి. తాతకు ఒక మంచిమాట చెబుదామని చూస్తే ట్రాక్టరు ఎప్పుడో వెళ్లిపోయింది.

ఎన్నో ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న అరుణమ్మ నీళ్లు పెట్టడానికి వచ్చింది.

"నాలుగో షెడ్డు ఎనుక అతుకు బిగించిండ్రట, దాని సంగతి ఎవరు చెప్పిండ్రమ్మా?"

"ఎరువు కోసమొచ్చిన తాత. పేరు గూడ అడగలే."

అరుణమ్మ బకెట్ కింద పెట్టింది.

"మల్లప్ప సార్. గప్పుడు గీ తీగకు షెడ్డుకొక ఫోనుండె. సార్ నంబరు పిలిస్తేనే మేం పలికేటోళ్లం."

"ఆయన కూడా ఇక్కడ పనిచేసేటోడా?"

"లేదమ్మా, గీ షెడ్లు కట్టిందీ, ఒక చలికాలం పిల్లలన్నీ పోతే అమ్ముకున్నదీ ఆయనే."