బోడికుక్క

"ఛీ, ఇదేం కుక్కే! ఈకలు పీకిన కోడిలా ఉంది!" అంది పై అంతస్తు బురుల్ అక్క, గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

ఆవిడ గొంతు వినగానే అది బల్ల కిందికి దూరింది. గజ్జికి మందు రాయడానికి షెల్టర్ వాళ్లు ఒళ్లంతా గొరిగేశారని చెప్పాను.

"బిష్కెక్‌లో కుక్కపిల్లల దుకాణాలకి కరువొచ్చిందటే? నేను నా తెల్లదాన్ని ఏడు తరాల కాగితాలు చూసి మరీ కొన్నాను. ఏది నేర్పితే అది పట్టేసేది. నీ దీనికి తండ్రెవడో దాని తల్లికే తెలీదు!"

మేం ఈ ఇంట్లో దిగకముందు సంగతి అది. "ఇప్పుడెక్కడుందక్కా?" అన్నాను.

"కొండల మీదికి పంపేశా. మా మరిది గొర్రెల మందలో రాజాలా బతుకుతోంది."

నాలుగు గిన్నెల టీ తాగింది. నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెముక్కల పళ్లెం ఖాళీ చేసింది, ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టింది. లేచే ముందు, తిన్నాక చేసే ప్రార్థన ఆనవాయితీగా, రెండు అరచేతులూ ఎత్తి మొహం మీదుగా దించుకుంది.

"ఓమిన్."

బల్ల కింద నుంచి బోడికుక్క బయటికొచ్చింది. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు రెండూ ఎత్తి మూతి మీదుగా దించుకుంది. తర్వాత బిస్కెట్టు కోసం ఆవిడ కుడి జేబుకేసి చూసింది.

బురుల్ అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పాపం," అన్నాను, "కొండల మీంచి ఇంత దూరం నడిచొచ్చింది కదక్కా. అందుకే బొచ్చంతా ఊడిపోయినట్టుంది."