గుమ్మంలో పెద్దమనిషి

పెళ్ళయి మూడు నెలలైనా కాలేదు, చిన్నల్లుడి పెళ్ళాం అలిగి అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కది బట్టల ఫ్యాక్టరీ. ఎలాగైనా బతిమాలి ఇంటికి తెచ్చుకుందామని అతను ఉరుకులు పరుగుల మీద అక్కడికి వచ్చిపడ్డాడు.

గేటు దగ్గరే పెద్దల్లుడు కుర్చీలో దర్జాగా కూర్చుని కనిపించాడు. ఇస్త్రీ నలగని నీలం చొక్కా, భుజాల మీద ఎర్ర పట్టీలు, నడుముకి ఇంత లావు తాళాలగుత్తి.

“రా తమ్ముడూ! ముఖం అలా వేలాడేశావేంటి?”

“ఏం చెప్పమంటారు అన్నగారూ! మీ మరదలు నా మాట చెవిన పెట్టదు. కాఫీ అడిగితే వంటిల్లు చూపిస్తుంది. నిన్న గట్టిగా ఒక్క మాటన్నాను. ఇవాళ ఇక్కడ తేలింది. తను లేకపోతే ఇల్లు ఇల్లులా లేదండీ.”

“ఓస్, ఇంతేనా!” పెద్దల్లుడు కాలు మీద కాలేసుకున్నాడు. “బైబిల్లో గుణవతి అయిన భార్య మీద ఓ కవిత ఉందిగా? పెళ్ళైన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే మీ వదినకి అది గొంతెత్తి చదివాను. ఇరవై రెండు చరణాలు. ఒక్కటీ వదల్లేదు.”

“వదిన ఊరుకుందా?”

“మొదట్లో పళ్ళు నూరింది. తర్వాత ఏమనుకుందో ఏమో, అచ్చం అందులో ఉన్నట్టే మొదలెట్టింది! తెల్లారకముందే లేవడం, బట్టలు కుట్టి అమ్మడం, పొలం చూసి కొనడం. ఆ పొలంలోనే ఈ ఫ్యాక్టరీ కట్టింది. ఇదిగో, ఈ చొక్కా కూడా తను కుట్టిందే.”

“మరి అందులో మొగుడి సంగతేం లేదా?”

“లేకేం! ఊరి గుమ్మంలో పెద్దల మధ్య గౌరవంగా కూర్చుంటాడని ఉంది. చూస్తున్నావుగా!”

పక్క బల్ల మీదున్న ఇద్దరు ముసలి డ్రైవర్లు అవునవునని తలలూపారు.

చిన్నల్లుడు చూస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతివాడూ ఆగి నమస్కారం పెడుతున్నాడు. సూటు వేసుకున్న వ్యాపారి అంతటివాడు కూడా కారు దిగి, పేరు చెప్పి, పెద్దల్లుడు పుస్తకంలో రాసుకుని సరేనన్నాకే లోపలికి కదిలాడు. ఆయన చెయ్యి ఊపందే చీమ కూడా దూరేలా లేదు.

“అబ్బ, ఏం వైభోగం అన్నగారూ! బతికితే మీలా బతకాలి!” అన్నాడు చిన్నల్లుడు ఉండబట్టలేక.

ఆ మాట పైవాడు విన్నట్టే ఉన్నాడు. లోపలి నుంచి అతని పెళ్ళాం వచ్చింది. ముఖంలో కోపం మచ్చుకైనా లేదు. నేరుగా వచ్చి, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసింది. పాపం, అతనికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. మెడకి చల్లగా కొలతల టేపు తగిలింది.

“కదలకండి,” అంది ఆవిడ, “వెనక గేటు వాచ్‌మన్‌కి కూడా బావగారి చొక్కాలాంటిదే కుట్టమంది అక్క.”