ఫెయిర్లీ, రాదర్

బాంబు దొరకలేదు. పోలీసు కుక్కలు పరీక్ష హాల్లో బెంచీ బెంచీ వాసన చూసి వెళ్లిపోయాయి. పిల్లలంతా గ్రౌండ్‌లో ఎండలో కూర్చున్నారు, ఒక్క అమ్మాయి తప్ప.

ఆ అమ్మాయి ప్రిన్సిపాల్ గదిలో, ఎస్సై ఎదురుగా నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంగ్లీషులో ఈ పిల్లని మించినవాళ్లు స్కూల్లో లేరట. అందరూ డిక్షనరీ అంటారట. బెదిరింపు మెయిల్ లైబ్రరీ కంప్యూటర్ నుంచి వచ్చింది. నిన్న సాయంత్రం అక్కడ కూర్చున్నదీ ఈవిడే," అన్నాడు ఎస్సై.

"నేను రాయలేదు టీచర్," అంది అమ్మాయి.

పక్కనే ఉన్న ఇంగ్లీషు టీచరు ముందుకొచ్చింది. జీపెక్కితే ఈ పిల్ల చదువు అక్కడితో సరి. మెయిల్ కాగితం అందుకుంది. రెండే ముక్కలు. హాలు 'ఫెయిర్లీ' పెద్దదట. అందులో పెట్టిన బాంబు 'రాదర్' ప్రమాదకరమట.

"ఇది మా పిల్లల రాత కాదు సార్."

"ఎలా చెప్తారు?"

"వీళ్లకి తెలిసింది ఒక్కటే, వెరీ. ఆకలేసినా వెరీ, జ్వరమొచ్చినా వెరీ. మరీ ఎక్కువైతే వెరీ వెరీ. ఈ డిక్షనరీ పిల్లయినా అంతే. ఫెయిర్లీ, రాదర్ రెండూ 'కాస్త' లాంటివే. కానీ మెచ్చుకోడానికి ఫెయిర్లీ, నచ్చనిదానికి రాదర్. ఇక్కడ తూకం వేసినట్టు వాడారు."

"బాగా వచ్చినవాళ్ల పనే అన్నమాట. నేనూ అదేగా అంటున్నా. పదమ్మా."

మహిళా కానిస్టేబుల్ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. టీచర్ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఆ తేడా ఈ పిల్లకి తెలీదు. ఆ పాఠం నేనింకా చెప్పలేదు."

ప్రిన్సిపాల్ ఉలిక్కిపడ్డాడు. "సిలబస్ అయిపోయిందని సంతకం పెట్టారు కదమ్మా?"

"పెట్టాను సార్. సగం కూడా కాలేదు. వార్షికోత్సవం పనులూ ఆఫీసు పనులూ నా నెత్తిన రుద్దారు. క్లాసుకెళ్లే తీరికేదీ?"

"ఇవాళ ఇంగ్లీషు పరీక్ష జరిగుంటే?"

"క్లాసు క్లాసంతా గుండుసున్నా."

"మీ గొడవలు తర్వాత తేల్చుకోండి," ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. "మీరు చెప్పకపోతే పుస్తకం చూసి నేర్చుకోదా? ఈ పిల్ల కాకపోతే ఇంకెవరో చెప్పండి, వదిలేస్తా."

అమ్మాయి చేతిని కానిస్టేబుల్ పట్టులోంచి మెల్లగా విడిపిస్తూ టీచర్ అంది, "నేనే సార్."