చక్రం తిరిగినంతసేపు

“ఫోటో తియ్యి గుర్వమ్మా. ఉన్నోళ్లతోనే తియ్యి. రానోళ్ల సంగతి నాకొద్దు,” అన్నాడు విజేందర్ సారు.

ఉపాధి హామీ చెరువు పూడిక పని తనిఖీకి వచ్చాడాయన. కూలీలంతా గట్టు మీద వరుసగా నిలబడ్డారు. హాజరంటే ఫోటోనే. కూలీల మీద మేటు గుర్వమ్మ తన ఫోన్లోని యాప్‌తో తీసి ఎక్కించాలి. అందులో మొహం పడితేనే కూలి. పొద్దున పది గంటలు దాటితే యాప్ తీసుకోదు.

“ప్రమీలమ్మ నిన్న రాలే, ఇయ్యాల రాలే. ఈ ఫోటోల గిన లేకుంటే పేరు కొట్టేస్త.”

“మొగడు నల్గొండ దవాఖానల పడ్డడు సారూ,” అంది అరుణమ్మ వరుసలోంచి.

“అది యాప్‌కు తెల్వదు. తియ్యి.”

గుర్వమ్మ ఫోన్ తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టింది. తెర మీద తెల్లటి చక్రం. తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

“తెరుసుకుంటె గద సారూ తీసేది!”

“ఆపి మళ్లీ తెరువు.”

ఆపింది. తెరిచింది. చక్రం.

“నా ఫోన్ల నెట్ మంచిగనే వస్తుంది గదక్కా,” అన్నాడు కూలీల్లోంచి ఐలేశం.

“నీ ఫోన్ల సినిమాలాడుతయి రా, గీ యాప్ ఆడదు. నోరు మూసుకొని నిలవడు!”

సారు వైపు తిరిగింది. “దీన్ని చేసినోడెవడు సారూ? ఏసీల కూసొని, కొత్త ఫోన్ల సర్రున ఉరికిచ్చి సూసుకుంటడు. గీ గట్టు మీద, గీ పగిలిన ఫోన్ల, గింత ఎండల ఒక్కనాడన్న తెరిసి సూసిండా? గది ఆగితే మీకేం పోతది? మా దినం కూలి పోతది!”

“నన్నంటే ఏమొస్తది?”

“మొన్న గిదే చక్రం తిరిగి తిరిగి పది దాటింది. పొద్దుగూకెదాక తట్టలు మోసినా అందరికి గైర్హాజరే పడ్డది. అప్పుడు మీరేమన్నరు? ‘యాప్ హ్యాంగైంది, మేమేం జేస్తం’ అన్నరు. ఇయ్యాల నేనంటున్న. యాప్ హ్యాంగైంది సారూ, నేనేం జేస్త?”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సారు మొహం ఎర్రబడింది. గడియారం చూసుకున్నాడు. పది కావస్తోంది. తను వచ్చిన రోజే ఒక్కరికీ హాజరు పడకపోతే పైవాళ్లు అడిగేది తననే.

“జర చూడు గుర్వమ్మా, ఏదన్న జెయ్యి.” గొంతు తగ్గింది.

“నాకేం చెప్తరు? మీ యాప్‌కు చెప్పుండ్రి.”

అవతల రోడ్డు మీద బస్సు ఆగింది. చెప్పులు చేతబట్టుకుని, కొంగు నడుముకు దోపి, ప్రమీలమ్మ గట్టెక్కి ఉరికివచ్చింది. రొప్పుతూ అరుణమ్మ పక్కన నిలబడింది.

“సరే, మళ్లొక్కసారి సూస్త,” అంటూ గుర్వమ్మ సారుకు వీపు తిప్పి, పొద్దుటి నుంచి బంద్ పెట్టిన నెట్ ఆన్ చేసింది.